మేం ఎవరి పనికోసమూ పుట్టలేదు



మొన్న మా బడికి పట్నం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. పదో తరగతి పిల్లలకు పరీక్షల ముందు ధైర్యం నూరిపోయడానికట. మైకు ఆయన తెచ్చుకున్నాడు, పూలదండ మేం తెచ్చాం. గంటన్నర మాట్లాడాడు. ఈ సృష్టిలో కారణం లేకుండా గడ్డిపోచైనా మొలవదన్నాడు. ప్రతి మనిషినీ భగవంతుడు ఒక పనికోసం పుట్టించాడన్నాడు. ఆ పని ఏదో కనుక్కున్నవాడిదే బతుకు, కనుక్కోనివాడిది పశువు బతుకు అన్నాడు. పిల్లలు ఎండలో కూర్చుని కూడా కదలకుండా విన్నారు. అంత బాగా చెప్పాడు, కాదనం.

ప్రశ్నలుంటే అడగమన్నాడు. మా వాడ పిల్ల ఒకతె లేచింది. ఆ పిల్ల పేరు ఇక్కడ రాయం, రాస్తే రేపు బడికి రావడం కష్టమవుతుంది. "మా నాయన పంచాయతీలో మురుక్కాలవలు తీస్తాడు సార్. మా తాతదీ అదే పని. మరి మా నాయన్ని దేనికోసం పుట్టించినట్టు?" అంది.

ఆయన తడబడలేదు. చిరునవ్వు నవ్వాడు. "ఏ పనీ తక్కువ కాదు తల్లీ. మీ నాన్నగారు ఊరిని శుభ్రంగా ఉంచుతున్నారు. అది భగవంతుడు ఆయనకు అప్పజెప్పిన సేవ. గర్వపడు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. కుర్చీలో కూర్చుని, చేతులు సగం దాకా పోయి, ఆగి, మళ్ళీ కొట్టాం. ఆ పిల్ల కొట్టలేదు. తల వంచుకుని గడ్డి పీకుతూ కూర్చుంది.

ఆ చప్పట్లు కొట్టిన సిగ్గుతోనే ఇది రాస్తున్నాం.

జీవితానికి అర్థం లేదని, లోకానికి ఒక గమ్యం లేదని దిగులుపడే వాళ్ళు చాలామంది ఉన్నారు. కడుపు నిండిన వాళ్ళ పుస్తకాల నిండా ఈ దిగులే. మనకొచ్చిన కష్టం అది కాదు. మనకు పరమార్థం కరువైంది ఏనాడు? మరీ ఎక్కువైంది! మనం కడుపులో పడకముందే మన పని రాసిపెట్టి ఉంది. రుగ్వేదం పదో మండలంలో పురుషుడి నోటినుంచి ఒకడు, చేతులనుంచి ఒకడు, తొడలనుంచి ఒకడు, పాదాలనుంచి ఒకడు పుట్టారు. ఆ పంపకంలో మాలమాదిగలకు పాదాలు కూడా దక్కలేదు, బయటే నిలబెట్టారు. ఛాందోగ్యోపనిషత్తు, చెడు నడత గలవాళ్ళు కుక్క కడుపునో పంది కడుపునో చండాలుడి కడుపునో పుడతారని లెక్క చెప్పింది. చూడండి వరస! కుక్క, పంది, మనం. మనువు ఇంకా వివరంగా రాశాడు. చండాలుడు ఊరి బయట ఉండాలి, పగిలిన పాత్రలో తినాలి, చచ్చినవాళ్ళ గుడ్డలు కట్టుకోవాలి. గీత వచ్చి దీనికంతటికీ ఒక మెరుగు పెట్టింది. నాలుగు వర్ణాల్నీ నేనే పుట్టించానని దేవుడి చేతనే చెప్పించింది. ఇతరుల ధర్మం బాగా చెయ్యడం కన్నా నీ ధర్మం వంకరగా చేసినా మేలే, అందులో చచ్చినా మేలే అని చెప్పించింది.

ఇదండీ మనకు దొరికిన పరమార్థం. పుట్టుకకు ఒక ప్రయోజనం ఉందనే మాట వినగానే పైకులాల పిల్లవాడికి డాక్టరో కలెక్టరో గుర్తుకొస్తాడు. మన పిల్లకు నాయన చేతిలో పార గుర్తుకొచ్చింది. తప్పు పిల్లది కాదు. మాట పుట్టిన చోటు అట్టాంటిది.

'సేవ' అనే మాట సంగతి కూడా తేల్చుకోవాలి. 1936 నవంబరులో గాంధీ తన 'హరిజన్' పత్రికలో ఆదర్శ భంగీ ఎట్టా ఉండాలో రాశాడు. భంగీ సమాజానికి చేసే పనిని తల్లి బిడ్డకు చేసే పనితో పోల్చాడు. పోలిక వినడానికి తియ్యగా ఉంది. కానీ తల్లి బిడ్డకు కడిగితే తల్లిని ఎవరూ అంటరానిదనరు. బిడ్డ పెద్దయ్యాక తల్లిని వాకిట్లో నిలబెట్టి దోసిట్లో నీళ్ళు పొయ్యడు. ఆడపిల్లను దేవతకు ఇచ్చేసి, ఊళ్ళో మగవాళ్ళందరికీ ఉమ్మడి చేసిన జోగిని దురాచారానికి కూడా సేవ అనే పేరు పెట్టారు. ఆ పిల్ల పుట్టిందే ఎల్లమ్మ కోసం అన్నారు. దాన్ని ఆపడానికి 1988లో చట్టం తేవాల్సి వచ్చింది. ఎల్లమ్మ ఎన్నడన్నా ఒక ఆసామి కూతుర్ని అడిగిందా? అడగలేదు. దేవతకు కూడా కులం లెక్క తెలుసన్నమాట!

చేతులతో మలం ఎత్తే పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, చాలక 2013లో మరో చట్టం వచ్చాయి. 1993 నుంచి మురుగు గోతుల్లో దిగి చచ్చిపోయిన వాళ్ళ కుటుంబాలకు పదేసి లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. అంటే అప్పటికీ చస్తూనే ఉన్నారనే గదా? ఏ పనీ తక్కువ కాదంటున్న పెద్దమనుషులారా, ఆ గోతిలోకి మీ పిల్లవాణ్ణి ఒక్కసారి దించండి. భగవంతుడు అప్పజెప్పిన సేవ గదా, పుణ్యం మీరే ఉంచుకోండి. బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల దగ్గర ఈ పనిచేసే కుటుంబంలోనే పుట్టాడు. పరమార్థం సిద్ధాంతం ప్రకారం ఆయన పార పట్టుకోవాలి. ఆయన ఆ పాయిఖానాలు పడగొట్టించడానికి బయల్దేరాడు. ఏ పనికోసం పుట్టాడని రాసిపెట్టారో ఆ పనినే లేకుండా చెయ్యడం తన పని చేసుకున్నాడు.

ఇక ఆ గడ్డిపోచ దగ్గరికి వద్దాం. మేం సైన్సు చెప్పే మేస్టర్లం, ఆ మాట వదలలేం. గడ్డిపోచ కారణం లేకుండా మొలవదు, నిజమే. విత్తనం ఉంది, తడి ఉంది, ఎండ ఉంది. అదీ కారణం. కానీ ఎందుకోసం మొలిచింది అంటే ఎవరికోసమూ కాదు. గేదెనడిగితే నాకోసమే అంటుంది, అది వేరే సంగతి. కారణం వేరు, పరమార్థం వేరు. ఈ రెంటినీ కలిపి కట్టడంలోనే మోసమంతా ఉంది.

దివిసీమ ఉప్పెన తలుచుకోండి. 1977 నవంబరు 19. కృష్ణా జిల్లా తీరంలో సముద్రం ఊళ్ళమీద పడి వేలమందిని పొట్టన పెట్టుకుంది. పాపం పండిందన్న వాళ్ళున్నారు. సముద్రానికి పాపం తెలుసా, పుణ్యం తెలుసా? గాలి తిరిగింది, నీళ్ళు లేచాయి, అంతే. సముద్రానికి ఎవరిమీదా పగ లేదు. అయితే అదే నీళ్ళు డాబా మీదున్న వాణ్ణీ పల్లంలో తాటాకు గుడిసెలో ఉన్నవాణ్ణీ ఒకేరకంగా ముంచవు. గుడిసె పల్లంలోకి ఎట్టా వచ్చింది? మెరక ఎవరి చేతుల్లో ఉంది? అది సముద్రం చేసింది కాదు, దేవుడు చేసింది అంతకన్నా కాదు. మనుషులు చేశారు. మనుషులు చేసింది మనుషులు మార్చొచ్చు. 'అంతా పైవాడి సంకల్పం' అన్నామంటే సముద్రమూ మెరకా రెండూ ఒకటైపోతాయి. రెంటికీ దండం పెట్టుకోవాల్సిందే.

అందుకే అంటున్నాం, లోకానికి ఒక సంకల్పం లేదన్న మాట మనకు ఏడుపు కాదు. విడుదల పత్రం.

మరి దేవుడూ లేక, రాతా లేక, ముందే పెట్టిన గమ్యమూ లేకపోతే మనిషి దేనికి బతకాలి? ఇది వేళాకోళపు ప్రశ్న కాదు. మేం చదువు చెప్పిన పిల్లవాడే ఒకడు అడిగాడు. వాడు మా వాడలో మొదటి ఇంజనీరు. వాళ్ళమ్మ మిరపకాయల కోతలకు పోయి, పుస్తెలు తాకట్టు పెట్టి చదివించింది. పట్నంలో నాలుగేళ్ళు తిరిగాడు. ఉద్యోగం రాలేదు, వచ్చిన చోట వాడి ఇంటిపేరు, ఊరిపేరు అడిగి మాట తేడా చేశారు. తిరిగొచ్చి వేపచెట్టు కింద నులకమంచం వేసుకుని పడుకున్నాడు. చేతిలో ఫోను, ముఖాన దుప్పటి. మేం వెళితే లేచి కూర్చున్నాడు. "దేవుడు లేడని మీరే చెప్పారు మాస్టారూ. సరే, లేడు. రాసిపెట్టిందేమీ లేదన్నారు. సరే, లేదు. మరి నేనెందుకు లేవాలి పొద్దున్నే?" అన్నాడు.

మా దగ్గర వెంటనే జవాబు లేదు. పక్కన కూర్చున్నాం. వాళ్ళమ్మ టీ తెచ్చిస్తే తాగాం.

2016 జనవరి 17న హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు. నక్షత్రాల గురించి రాయాలనుకున్న పిల్లవాడు. అప్పట్నించీ ఇట్టాంటి ప్రశ్న అడిగిన ఏ కుర్రవాణ్ణీ మేం తేలిగ్గా తీసుకోం. పుట్టుక ఒక ప్రమాదం లాంటిదే, ఒప్పుకుందాం. ఎవడు ఏ కడుపున పుట్టాలో ఎవడూ దరఖాస్తు పెట్టుకోలేదు. బ్రాహ్మణుడి పుట్టుకా ప్రమాదమే, మనదీ ప్రమాదమే. ఒకడికి అది లాటరీ, మరొకడికి ఉరితాడు ఎందుకైంది? ఎవరు చేశారు? ఈ ప్రశ్నకు జవాబు ఉంది, ఆ జవాబు ఆకాశంలో లేదు. ఊళ్ళో ఉంది, ఆఫీసులో ఉంది, యూనివర్సిటీలో ఉంది. ఆ జవాబు తెలిసినవాడు తనని తాను శిక్షించుకోకూడదు. అట్టాంటి చీకటి కమ్మినప్పుడు ఒంటరిగా ఉండొద్దురా, అర్ధరాత్రయినా సరే తలుపు కొట్టు అని మావాడికి చెప్పాం. ఈ పత్రిక చదివే ప్రతి కార్యకర్తా తన వాడలో ఒక్క కుర్రవాడికైనా ఈ మాట చెప్పి రండి. ఉపన్యాసం చెప్పకండి. తలుపు తీసి ఉంటుందని చెప్పండి చాలు.

బుద్ధుడి దగ్గరికీ ఇట్టాంటి ప్రశ్నలతోనే మాలుంక్యపుత్తుడు అనే భిక్షువు వచ్చాడు. లోకం శాశ్వతమా కాదా, చచ్చాక ఉంటామా ఉండమా చెప్పు, చెప్పకపోతే వెళ్ళిపోతానన్నాడు. బుద్ధుడు ఒక కథ చెప్పాడు. విషబాణం తగిలినవాడు, కొట్టినవాడెవడు, వాడి కులమేది, వాడి విల్లు ఏ కర్రది తేలిస్తేనే బాణం తీయనిస్తానంటే తేలేలోపు చస్తాడు. ముందు బాణం తియ్యి అన్నాడు. ఈ కథలో ఒక్కచోట మేం బుద్ధుడితో కొంచెం పేచీ పెట్టుకుంటాం. మన విషయంలో కొట్టినవాడి కులం తప్పకుండా అడగాలి! ఎఫ్ఐఆర్‌లో రాయించాలి! కానీ లోకం ఎందుకు పుట్టింది, నేనెందుకు పుట్టాను అని మంచంమీద పడుకుని తేల్చుకున్నాకనే లేస్తాననడం మాత్రం బాణంతోనే పడుకోవడం.

అంబేడ్కర్ బుద్ధుడి మీద రాసిన పుస్తకం ఆయన పోయాక 1957లో అచ్చయింది. అందులో సిద్ధార్థుడు ఇల్లు ఎందుకు వదిలాడో చూడండి. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి వదిలాడనే కథను బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా శవాన్నే చూడనివాడు ఉంటాడా అన్నది ఆయన తగాదా. మరి కారణం ఏమిటి? రోహిణి నది నీళ్ళు! శాక్యులకూ కోలియులకూ మధ్య పారే ఏరు. ముందు ఎవరి పొలానికి పెట్టాలన్న తగాదా. మన కాలవ కింద తూముల దగ్గర జరిగే తగాదా లాంటిదే. శాక్యులు యుద్ధం అన్నారు. సిద్ధార్థుడు వద్దన్నాడు. సంఘంలో ఓట్లు ఆయనకు తక్కువొచ్చాయి. మాట వినకపోతే నీ కుటుంబాన్ని వెలివేస్తాం, భూములు లాక్కుంటాం అన్నారు. వెలి అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంటివాళ్ళను ఆ వెలినుంచి కాపాడ్డానికి తానే ఊరు వదిలాడు.

తర్వాత జరిగిందే ముఖ్యం. దారిలో కబురు తెలిసింది, యుద్ధం ఆగిపోయింది, రెండు పక్షాలూ రాజీకొచ్చాయని. బయల్దేరిన కారణం తీరిపోయింది. ఇంటికి పోవచ్చు. భార్య ఉంది, బిడ్డ ఉన్నాడు. ఆయన పోలేదు. ఈ తగాదా తీరింది సరే, మనుషుల మధ్య తగాదాలు తీరే దారేదో చూడాలనుకున్నాడు. ఏ దేవుడూ ఆయనకు ఈ పని అప్పజెప్పలేదు. ఒక పని పట్టుకుంటే దాంట్లోంచి ఇంకో పని మొలిచింది. బతుక్కి అర్థం ముందు దొరికి తర్వాత నడక మొదలుపెట్టడం కాదు. నడిచాక వచ్చింది. మన మంచంమీది ఇంజనీరుకు మేం చదివి వినిపించింది ఈ భాగమే. వాడు విని, "ఆయనకు రాజ్యముంది మాస్టారూ, వదలడానికి" అన్నాడు. ఆ మాటా నిజమే.

కర్మ సంగతి కూడా అంబేడ్కర్ ఆ పుస్తకంలోనే తేల్చాడు. పోయిన జన్మ పాపం వల్లే పేదవాడు పేదవాడయ్యాడంటే రాజ్యానికి బాధ్యతే లేకుండా పోతుందని ఆయన వాదన. మన పక్కనే ఉదాహరణలున్నాయి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. తగాదా ఎక్కడ మొదలైంది? మాదిగలు తాగే చెరువు దగ్గర ఆసాముల కుర్రవాళ్ళు గేదెను కడిగి నీళ్ళు పాడుచేస్తుంటే అడిగిన చోట. మున్నంగి సువార్త అనే ఆడమనిషి బిందె ఎత్తి ఎదురు నిలబడ్డ చోట. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపి, గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. లోకానికి ఒక న్యాయమైన సంకల్పం ఉంటే, అది ఎక్కడో ఒకచోట తప్పకుండా పనిచేస్తూ ఉంటే, ఆ రోజు హైదరాబాదులో పనిచెయ్యాల్సింది. చెయ్యలేదు.

మన సభల్లోనూ ఒక మాట వినపడుతుంది, వాళ్ళు జాతికోసం బలి అయ్యారని. మేమూ అన్నాం ఒకప్పుడు, మైకు ముందు ఆవేశం ఎక్కువై. ఇప్పుడు అనం. చుండూరు వాళ్ళు బలి అవడానికి పుట్టలేదు. కూలికి పోయి, సాయంత్రం ఇంటికొచ్చి, కూరేమిటని అడగడానికి పుట్టిన మామూలు మనుషులు. వాళ్ళ చావుకు ఏ పరమార్థమూ లేదు. అది హత్య. తర్వాత బతికున్నవాళ్ళు చేసిన పని వేరు. కారంచేడు నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు చీరాలలోనే ఉండిపోయి విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చుండూరు జనం తమవాళ్ళను ఊరి బయట కాకుండా ఊరి నడుమే పూడ్చుకుని దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఆ అర్థం ఆకాశం నుంచి రాలేదు. ఏడ్చి ఏడ్చి లేచిన మనుషులు గడ్డపార పట్టుకుని తవ్విన అర్థం అది. తవ్వకపోతే లేదు. రేపు మనం మరిచిపోతే మళ్ళీ ఉండదు. దీన్ని బరువు అనుకున్నా సరే, అబద్ధం మాత్రం చెప్పుకోవద్దు.

మన ఇళ్ళలో సగానికి పైగా ఆదివారం గుడికి పోతారు. వాళ్ళను నొప్పించడానికి ఇది రాయడం లేదు. మా చదువు మొదలైంది మిషన్ బడిలోనే. కానీ ప్రభువు సంకల్పం లేనిదే ఆకైనా కదలదు అనే మాట, పట్నం పెద్దమనిషి గడ్డిపోచ మాట, రెండూ అన్నదమ్ములే. ఒక్క సంగతి గుర్తుచేస్తాం. 1876 నుంచి 78 దాకా కరువు. ఒంగోలులో ఉన్న క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు పని ఇప్పించాడు. కరువు తగ్గాక 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళు దైవ సంకల్పం గురించి వాదించి గెలిచి ఏట్లో దిగలేదు. చేతిలో పార, సాయంత్రానికి కూలి, పిలిస్తే పేరుపెట్టి పిలిచే మనిషి. ఇవి దొరికాయి, వెళ్ళారు. మన తాతముత్తాతలు మనకన్నా తెలివైనవాళ్ళు. పాస్టర్లు ఈ కథ చెప్పేటప్పుడు కాలవ సంగతి కూడా చెప్పండని మా మనవి.

ఎర్రజెండా మిత్రులకు రెండు ముక్కలు. చరిత్ర తనంతట తానే మన వైపు నడుస్తుందనుకోవడం కూడా రాతను నమ్మడమే. నుదుటి మీద రాసిన రాత తీసి గోడమీద రాశారు, అంతే తేడా.

మనవాళ్ళనూ వదలం. బాబాసాహెబ్‌ను దేవుడు పంపాడని పాటలు కడుతున్నాం. ఊదొత్తులు వెలిగిస్తున్నాం. రాజకీయాల్లో భక్తి పతనానికీ నియంతృత్వానికీ దారి అని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చెప్పింది ఆయనే! ఆయన్ని ఎవరూ పంపలేదు. మహర్ ఇంట్లో పుట్టాడు, బళ్ళో గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు, నీళ్ళు ఎవరో పోస్తేగాని తాగలేకపోయాడు. ఆ పిల్లవాడే 1927లో మహద్ చెరువులో చెయ్యి పెట్టి నీళ్ళు తాగాడు. దేవుడు పంపినవాడైతే అందులో గొప్పేముంది? పంపినవాడు చూసుకుంటాడు. ఎవరూ పంపకుండా వచ్చినవాడు కాబట్టే మనం ఆయన్ని చూసి లేవగలుగుతున్నాం.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా నాయన ఆసామి దగ్గర జీతగాడు, డప్పు కొట్టేవాడు. ఊళ్ళో ఎవరు చచ్చినా కబురు రాగానే అన్నం ముందునుంచి లేచి పోవాలి. అది మన పుట్టుక పని అనేవాళ్ళు. డప్పు కాచేటప్పుడు మాత్రం ఆయన ముఖం వేరుగా ఉండేది. మంట దగ్గర తిప్పుతూ, వేలితో మీటి వింటూ, ఇంకొంచెం, ఇంకొంచెం అనుకునేవాడు. ఆ నాదం కోసం ఆయనకు ఆసామి అక్కర్లేదు, చావూ అక్కర్లేదు. మేం చిన్నప్పుడు వాడలో మొదటిసారి అంబేడ్కర్ జయంతి చేస్తే అదే డప్పు పట్టుకుని ముందు నడిచాడు. అదే తోలు, అదే చెయ్యి. ఆ రోజు ఎవరూ పిలవలేదు, ఆయనే వెళ్ళాడు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగలు ఉద్యమం మొదలుపెట్టి దానికి దండోరా అని పేరు పెట్టుకున్నారు. దండోరా అంటే ఏమిటి? ఊరు మనచేత వేయించిన చాటింపే గదా. వర్గీకరణ మీద మాల, మాదిగ మిత్రుల వాదాలు ఈ పత్రికలో వేరేచోట నడుస్తున్నాయి, వాటి జోలికి ఇక్కడ పోం. ఊరు అంటగట్టిన పని పేరునే తీసుకుని తమ గొంతు చేసుకోవడం మాత్రం ఏ వేదమూ నేర్పని విద్య.

మా అమ్మ సంగతి ఇంకా చిన్నది. నాట్లకు, కలుపుకు, కోతలకు పోయేది. ఇంటి వెనక పగిలిన కుండలో కనకాంబరం మొక్క పెట్టుకుంది. మనువు మనకు తినడానికిచ్చిన పగిలిన కుండలో! పొద్దున్నే పనికి పోయేముందు ఇన్ని నీళ్ళు పోసేది. మేం డిగ్రీ చదివే రోజుల్లో కొత్తగా ఉద్యమం ఎక్కిన పొగరుమీద అడిగాం, తాగడానికే నీళ్ళు లేకపోతే నీకీ పూలెందుకమ్మా అని. "నాకు బాగుంటది" అంది.

ఆ రెండు మాటలు అప్పుడు మాకు చిన్నవిగా కనిపించాయి. కరపత్రంలో పట్టే మాటలు కావనుకున్నాం. ఇప్పుడు మళ్ళీ మళ్ళీ గుర్తొస్తాయి. ఆ మొక్కకు నీళ్ళు పొయ్యమని దేవుడు చెప్పలేదు, ఆసామి చెప్పలేదు, పార్టీ చెప్పలేదు. రోజంతా ఒకరి చేనుకోసం వంగిన నడుము ఒక్క నిమిషం తనకోసం వంగింది. మన కార్యకర్తలకు కొంచెం కోపం వచ్చినా ఇది చెప్పక తప్పదు. ఉద్యమమే మీ బతుక్కి అర్థం, మిగతాదంతా వ్యర్థం అని మనం కుర్రవాళ్ళకు చెబుతున్నాం. అది పట్నం పెద్దమనిషి చెప్పినదానికి ఎంత దూరం? పాత యజమాని పోయి కొత్త యజమాని వచ్చినట్టు కాదూ? ఒకడికి క్రికెట్టు ఇష్టం, ఒకతెకు లెక్కలు ఇష్టం, ఒకడు ఏట్లో చేపలకు గాలం వేసుకుని పూటంతా కూర్చుంటాడు. ఉండనివ్వండి. వాళ్ళ బతుకు వాళ్ళకు బాగుండాలనే గదా మనం కొట్లాడుతోంది. మీటింగుకు రాలేదని వాణ్ణి ద్రోహి అనకండి. మేమూ అన్నాం, ఇద్దరు మంచి కుర్రవాళ్ళను పోగొట్టుకున్నాం.

ఆ పదో తరగతి పిల్లను తర్వాత రోజు బళ్ళో పిలిచి, ఆ రోజు మేం చప్పట్లు కొట్టడం తప్పేనమ్మా అన్నాం. వాళ్ళ నాయన ఏ పనికోసమూ పుట్టలేదని, ఆ పని ఆయన మీద వేశారని, వేసినవాళ్ళు ఎవరో తెలుసుకోవచ్చని, తియ్యొచ్చని చెప్పాం. ఆ పిల్ల అంతా విని, "మరి మా నాయనకి ఏది ఇష్టమో నేనెప్పుడూ అడగలేదు సార్" అంది. మర్నాడు అడిగొచ్చింది. పావురాలు పెంచడమట. చిన్నప్పుడు పెంచేవాడట. చెప్తూ నవ్వింది.

మంచంమీది ఇంజనీరును రెండు నెలల కిందట రాత్రిబడికి రమ్మన్నాం. లెక్కలు చెప్పేవాళ్ళు లేరు, నీ జవాబు దొరికేదాకా వచ్చి భిన్నాలు చెప్పు అన్నాం. వారంలో నాలుగు రోజులు వస్తున్నాడు, ఆలస్యంగా. పిల్లలు వాణ్ణి చిన్న మాస్టారు అంటున్నారు. ప్రశ్న మాత్రం వదల్లేదు. మొన్న కూడా నల్లబల్ల తుడుస్తూ, "ఇంతకీ ఎందుకంటారు మాస్టారూ?" అన్నాడు. మూడో బెంచీలో కుర్రవాడు అప్పటికే చెయ్యెత్తి ఉన్నాడు, మూడులో నాలుగోవంతు ఎంతో తేలక. ముందు వాడి సంగతి చూడరా అన్నాం.